గిటారు బిళ్ళ

“ఇది బిళ్ళేటి? ఎవుడన్నాడు దీన్ని బిళ్ళని?”

పెదబాబు విసిరిన విసురుకి, గిటారు ఆకారంలో ఉన్న ఆ నాణెం వసారా దాటి, వంటింటి గడప దగ్గరున్న మజ్జిగ చెంబుకి టంగుమని తగిలి, అక్కణ్ణించి పెరట్లోకి ఎగిరిపోయింది.

కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. మిషను ముందు కూర్చున్న కోడలు సంధ్యారాణి తల ఎత్తలేదు. కుడుతున్న జాకెట్టు చెయ్యి సూది కింద సగంలోనే ఉండిపోయింది.

నూకరత్నం గరిటె పట్టుకునే వసారాలోకి వచ్చింది. మొగుడు మడతకుర్చీలో గోడవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. నెల దాటింది ఆయన ఆ గోడని చూడ్డం మొదలుపెట్టి. చూడ్డమని అనడమే గానీ, సుగరు కళ్ళకెక్కి ఏడాదైంది. వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ ఆనడం లేదు ఆయనకి. చెరుకు ఊళ్ళో పుట్టినోడికి సుగరు రాకపోతే ఎవుడికొస్తాదని మొదట్లో తనే జోకులేసేవాడు. ఇప్పుడు జోకుల్లేవు. కుర్చీ వీధివైపు వేస్తే, లేచి, తడుముకుంటూ మళ్ళీ గోడవైపే తిప్పుకుంటాడు.

“ఏటండీ, ఆ కోడలు గుంట ఏటి సేసిందని అలగ ఇసిరికొట్టేరు?”

“నా సేతిలో బొమ్మెట్టింది నీ కోడలు. కళ్ళే కదా పోయేయి, బుర్ర కూడా పోయిందనుకున్నాదేటో!”

“బొమ్మ కాదు మావయ్యా,” అంది సంధ్యారాణి మెల్లిగా. “నాణెమే. దాని మీద దేశం పేరుంది. ఎంతకి చెల్లుతుందో అంకె కూడా ఉంది.”

“ఏ దేశం? ఆ దేశంలో దీన్నిచ్చి టీ తాగినోడు ఒకడున్నాడా? ఒక్కడి పేరు సెప్పు.”

సంధ్యారాణి ఏం చెబుతుంది పాపం! ఆ దేశం ఏ సముద్రంలో ఉందో ఆ పిల్లకేం తెలుసు?

“బిళ్ళంటే సేతులు మారాల,” అన్నాడు పెదబాబు గోడతోనే. “సెమటంటాల. సంతలో పడాల, హుండీలో పడాల, ముసిల్దాని రొంటిన ముడిలో కూకోవాల. అలగ తిరిగి తిరిగి అరిగితే అది బిళ్ళ. ఇదెవుడో అమ్ముకోడానికే కొట్టేడు. కొట్టిన్రోజు నించీ ప్లాస్టిక్కు డబ్బీలో పడుకున్నాది. ఇలాటియి ఇన్నేళ్ళలో ఒక్కటి ముట్టుకోలేదు నాను.”

“మీ పాత నాణాల ఆల్బంలో ఉన్నవి మాత్రం ఇప్పుడెక్కడ తిరుగుతన్నాయి మావయ్యా? అవీ ప్లాస్టిక్కు కవర్లలోనే కదా పడుకున్నాయి.”

అమ్మో, అనుకుంది నూకరత్నం. కాపరానికొచ్చిన దగ్గర్నించీ ఆ పిల్ల మావగారికి ఎదురుమాట చెప్పడం ఇదే మొదలు.

పెదబాబు నోరు తెరిచేడు, మూసేడు. వీధిలోంచి గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టరు ఒకటి గడగడలాడుతూ వెళ్ళింది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి అప్పుడన్నాడు.

“అవి డూటీ సేసి రిటైరైనాయి. ఇది ఏ డూటీ సేసింది?”

*

గదిలోంచి కొడుకు ఉదయ్‌కుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేడు. బజారులో ఎరువుల షాపు వాడిది. పొద్దున్నే తెరవకపోతే రావికమతం, రోలుగుంట నించి వచ్చే రైతులు పక్క షాపుకి పోతారని వాడి బెంగ వాడిది.

“నీకు నేను ముందే చెప్పేను సంధ్యా. అవి గిఫ్టు ఐటెంలు. గిటారంట, చేపంట, సీతాకోకచిలకంట! ఫోన్లో బొమ్మ చూపించి ఊరందరి చేతా కొనిపిస్తారు. రేపు అమ్మబోతే ఎవడూ తీసుకోడు.”

“అమ్మడానికి కొన్లేదు నేను.”

“మరి దేనికి కొన్నావు?”

సంధ్యారాణి మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. అదీ ఆ పిల్ల పద్ధతి. జవాబు చెప్పాలనిపించకపోతే మిషను తొక్కుతుంది. ఆ కొన్నది కూడా తన జాకెట్ల కుట్టుకూలితోనే, మొగుణ్ణి అడగలేదు. ఒక డబ్బీలో అయిదారు బిళ్ళలు, ఒకటున్న ఆకారంలో ఇంకొకటి ఉండదు. ఆ డబ్బీ ఇప్పుడు మిషను బల్ల మీద దారపు ఉండల మధ్య మూత తీసి ఉంది. గిటారు ఉండే గుంత మాత్రం ఖాళీ.

ఉదయ్‌కుమార్ ఫోను మోగింది.

“ఆఁ, ప్రేమ్‌కుమార్ గారూ… బస్సెక్కేరా? సరే సరే. పెట్టె రెడీగా ఉంది. మీరు రండి.”

ఆ మాటకి మిషను మళ్ళీ ఆగింది.

ప్రేమ్‌కుమార్ అనకాపల్లిలో పాత నాణాలు కొనే అమ్మే మనిషి. పెదబాబు ఇన్నేళ్ళూ నాణాలు పోగేసిన ట్రంకుపెట్టె మొత్తం ఇవాళ ఆయన పట్టుకుపోతాడు. పెట్టె అప్పుడే వసారాలో గుమ్మం పక్కన ఉంది, కొబ్బరితాడుతో కట్టేసి. బలవంతం ఎవరిదీ లేదు. అప్పూ లేదు, అవసరమూ లేదు. అమ్మెయ్యమన్నది పెదబాబే.

ఎందుకన్నాడో నూకరత్నానికి తెలుసు.

ఆ పెట్టెలో ఆయనకి అన్నిటికన్నా ముద్దైనది ఒక రూపాయి. టంకసాలలో ఏ పరాకునో అచ్చు తప్పి, రెండువైపులా సింహాల బొమ్మే పడిన రూపాయి. ఆర్టీసీలో కండక్టరుగా ఉన్న రోజుల్లో మాడుగుల బస్సులో ఎవరో ఇచ్చిన చిల్లరలో దొరికింది. బొమ్మా బొరుసా అంటే బొమ్మే పడుతుంది ఎన్నిసార్లు వేసినా. దాంతో డిపోలో ఎంతమంది చేత టీలు తాగించుకున్నాడో! కళ్ళు పోయేక దాన్ని కవరు లోంచి తీసి, మధ్యాహ్నాలు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చునేవాడు.

అలా తిప్పుకుంటూ ఒకనాడు చొక్కా జేబులో వేసుకున్నాడు, అందులో అప్పటికే మామూలు రూపాయి ఒకటుంది. ఆ చొక్కాతోనే సత్తిబాబు మనవరాలి చెవులు కుట్టే ఫంక్షనుకి రావికమతం వెళ్ళేరు. సత్తిబాబు అంటే ఆ రోజుల్లో ఈయన బస్సుకి డ్రైవరు. ఒక బస్సులో ముప్పయ్యేళ్ళు, అన్నదమ్ములు కూడా అన్నాళ్ళు కలిసుండరు. చదివింపు అయిదువందల ఒక్క రూపాయి. నోట్లు నూకరత్నం అందించింది. సున్నాతో ఆగకూడదని మీద వేసే చిల్లర, ఆ రూపాయి బిళ్ళ, పెదబాబు తన జేబులోంచి తీసి కవర్లో వేసేడు. ఇంటికొచ్చేక నూకరత్నం చూస్తే జేబులో మిగిలింది మామూలు రూపాయి.

వెళ్ళినది సింహాల రూపాయి.

ఇచ్చిన చదివింపు వెనక్కి అడిగే రకం కాదు ఆయన. ఆ ఊసే ఎత్తద్దని ఇంట్లో అందరి చేతా ఒట్టేయించుకున్నాడు. కానీ ఆ రోజు నించీ బస్సు కాంప్లెక్సు దగ్గర టీకొట్టుకి వెళ్ళడం మానేసేడు. రిటైరైన స్టాఫంతా అక్కడే కదా చేరతారు. ‘నా బిళ్ళ నా సేతికే తెలీలేదంటే, ఇంక నాకీ పెట్టెందుకే రత్నం? ఇచ్చీండి ఎవుడికోకడికి’ అన్నాడు. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

*

“ఒరే ఉదయా, ఆ బాబుని ఇవాళ రావద్దని సెప్పరా,” అంది నూకరత్నం వంటింట్లోకి పిలిచి.

“నేనేం చెయ్యనమ్మా? నాన్న అమ్మమన్నారు. రోజూ ఆ పెట్టె మూత మీద చెయ్యేసి కూర్చుంటే నువ్వు చూడగలవేమో, నేను చూళ్ళేకపోతన్నాను. ఎదురుగా లేకపోతే కొన్నాళ్ళకి మర్చిపోతారు.”

“మర్సిపోడానికి ఆయన కాడ ఇంకేటుందిరా?”

ఉదయ్‌కుమార్ మజ్జిగ చెంబు కేసి చూసేడు. “సొట్టపడింది,” అన్నాడు. అనేసి, చెప్పులేసుకుని వీధరుగు మీదకెళ్ళి ఫోన్లో షాపు కుర్రాణ్ణి ఎరువుల లోడు సంగతి అడుగుతూ నిలబడ్డాడు.

వాడి తప్పూ లేదు. అదే నూకరత్నం బాధ. ఎవరిదో ఒకరిది తప్పయితే నాలుగు తిట్టి ఊరుకునేది. నిజానికి ఆ నాణాల్ని ఈవిడ మాత్రం ఏనాడు మెచ్చుకుంది? ‘ఆడంగులు గాజులు దాసుకుంతారు, ఈయన సిల్లర దాసుకుంతాడు’ అని పుట్టింటికెళ్ళి చెప్పి నవ్వించేది. పదిరూపాయల బిళ్ళ చెల్లదని బజార్లో ఎవడైనా అంటే ఈయన గంటసేపు వాడికి చట్టం బోధిస్తుంటే, ఈవిడ సంచి పట్టుకుని ఎండలో నిలబడి ఆ నాణాల వంశాన్నంతా తిట్టేది. ఇవాళ ఆ పెట్టెకి కట్టిన తాడు మాత్రం తన చేత్తోనే విప్పెయ్యాలనిపించింది. పెట్టె వెళ్ళిపోతే ఈ మనిషి ఇంక కుర్చీలోంచి లేవడు.

సరే, ముందు ఆ పిల్ల బిళ్ళ వెతుకుదామని పెరట్లోకి వెళ్ళింది. కుట్టుకూలి పెట్టి కొనుక్కున్నది, ఊరికే పోనిస్తుందా?

గోరింట మొదట్లో చూసింది. బట్టలుతికే బండ కింద చూసింది. ఎక్కడా లేదు. ఇంక మిగిలింది కుడితి బకెట్టు. పక్కింటి అచ్చియ్యమ్మ గేదె కోసం బియ్యం కడుగు, గంజి, తొక్కలు అన్నీ అందులోనే వేస్తుంది. తెల్లగా చిక్కగా ఉంటుంది, అడుగు కనిపించదు. చీర చెంగు బొడ్లో దోపుకుని, జబ్బ దాకా చెయ్యి పెట్టేసింది.

ఏవేవో తగిలేయి. అరటి తొక్క. చింతపండు గింజలు. అబ్బో, వారం నించీ కనపడని చిన్న చెంచా! అది తీసి పక్కన పెట్టి మళ్ళీ చెయ్యి పెట్టింది. వేళ్ళకి సన్నగా మెడలాంటిదేదో తగిలింది. మెడ కింద నడుం. నడుం కింద గుండ్రంగా, బోర్లించిన కుండలాగ.

“దొరికింది గిటారు!” అని పైకే అనేసింది.

అని, అలాగే ఆగిపోయింది. చెయ్యి ఇంకా కుడితిలోనే ఉంది. బిళ్ళ ఇంకా పైకి రాలేదు. తను దాన్ని చూడనే లేదు. అయినా అదేమిటో తనకి తెలిసిపోయింది.

ఆ చెయ్యి అలా ఉండగానే ఆవిడకి ఎప్పటి సంగతో గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు రోలుగుంట బస్సు. సంత రోజు. కోళ్ళ గంపలు, బెల్లం దిమ్మలు, చంటిపిల్లలు, నిలబడ్డానికి చోటుండేది కాదు. ఆ జనంలో భుజానికి తోలుసంచితో నల్లటి సన్నటి కండక్టరు. మొహం ఇటుంటే చెయ్యి సంచిలో ఉండేది. ఒక్కసారి కూడా సంచిలోకి చూసేవాడు కాదు. తీస్తే సరిగ్గా తీసేవాడు. నాలుగు మూలలుంటే అయిదు పైసలు. అంచు పువ్వులాగుంటే పది. ఆరు మూలలుంటే ఇరవై. చీకటి పడ్డాక బస్సులో లైటు లేకపోయినా అంతే.

“ఒసే సంధ్యా!” అని కేకేసింది. “ఇలగ రాయే.”

సంధ్యారాణి పరిగెత్తుకొచ్చింది. అత్తగారు కుడితిలో చెయ్యి పెట్టుకుని కూర్చుని నవ్వుతుంటే హడలిపోయింది.

“ఏటైంది అత్తా?”

“నువ్వీ బిళ్ళలు ఎందుకు కొన్నావో మీ ఆయన అడిగితే సెప్పలేదు. నాకు సెప్పు.”

ఆ పిల్ల చీర అంచు వేళ్ళకి చుట్టుకుంది. “జాకెట్లకి హుక్కులు కుట్టేటప్పుడు నేను చూడను అత్తా. వేలే చూసుకుంటుంది. మావయ్యకి అన్నీ గుండ్రటివే అయిపోయేయి కదా, ఏ వేలికి ఏం తెలుస్తుంది? అందుకని…”

“మరా మాట ఆయనతో సెప్పొచ్చు కదే!”

“మీకు కళ్ళు లేవని మొహం మీద ఎలా చెప్పను అత్తా?”

నూకరత్నం బిళ్ళ బైటికి తీసి, నీళ్ళతో కడిగి, కొంగుకి తుడిచింది. మెడ దగ్గర చిన్న సొట్ట పడింది, చెంబుకి తగిలినచోట. దాన్ని కొంగున ముడేసుకుంది.

“నువ్వేటీ సెప్పకు. ఆ దండెం మీద బట్టల క్లిప్పుల సంచీ తే.”

*

బట్టల క్లిప్పుల సంచి అంటే అది ఆషామాషీ సంచి కాదు. పెదబాబు రిటైరైన రోజు డిపోలో బతిమాలి తెచ్చుకున్న పాత తోలుసంచి. రెండేళ్ళు గోడకి తగిలించి, రోజూ పొడిగుడ్డతో తుడిచేడు. తర్వాత నూకరత్నం అందులో క్లిప్పులు వేసుకుంది. దానికోసం ఆ రోజుల్లో ఎంత గొడవైందో అది వేరే కథ.

క్లిప్పులన్నీ బండ మీద గుమ్మరించింది. పోపులడబ్బా లోంచి ఇంటి చిల్లర గుప్పెడు తీసి సంచిలో పోసింది. సంధ్యారాణి డబ్బీ తెచ్చి చేప, సీతాకోకచిలక, నక్షత్రం, ఆకు అన్నీ అందులో వేసింది. నూకరత్నం బాగా కుదిపింది.

తిన్నగా వెళ్ళి ఆ సంచి మొగుడి ఒళ్ళో పడేసింది.

“ఏటే ఇది?”

“ఒకటి రోలుగుంట ఇయ్యండి.”

“ఏటి?”

“సెవులు కూడా పోయేయా? ఒకటి రోలుగుంట. ఎనక జనం తోసెస్తన్నారు, బేగి కానీండి.”

“నీకు మతి గానీ పోయిందేటే రత్నం?”

“టిక్కెట్టియ్యకుండా మతి గురించి మాటలేటి బాబూ? కండక్టరన్నాక మర్యాదుండక్కర్లేదా? ఇదిగో రూపాయి,” అని ఆయన అరచేతిలో రూపాయి కుక్కింది.

మిషను దగ్గర సంధ్యారాణికి నవ్వాగడం లేదు, నోట్లో కొంగు కుక్కుకుంది. వీధరుగు మీంచి ఉదయ్‌కుమార్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే లోపలికి తొంగి చూసేడు.

పెదబాబు మొహం చిరాగ్గా ఉంది. కానీ చేతులకి మొహంతో పనేమిటి? ఒక చెయ్యి అప్పుడే సంచి పట్టీని వెతుక్కుంది. దాన్ని సరిచేసి తొడ మీద సర్దుకుంది.

“నా మిగతా సిల్లరో?” అంది నూకరత్నం.

“సిల్లర్లేదు. దిగినప్పుడు అడుగు,” అనేసేడు పెదబాబు.

అనేసిన మాట తనకే వినబడి ఉలిక్కిపడ్డాడు. ఎన్నేళ్ళైందో ఆ మాట ఆ నోట్లోంచి వచ్చి!

“లేకపోడమేటి, సంచి గలగలమంటంటే! రెక్కలున్నది అయిదు పైసలు. సేప పది పైసలు. సుక్క ఇరవై. ఆకు పావలా. ఆకొకటి, సేపొకటి ఇయ్యండి, నా స్టాపొచ్చెస్తన్నాది.”

చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

నూకరత్నం ఆ ముంజేతినే చూస్తూ ఉంది. నరాలు కదులుతున్నాయి. లోపల వేళ్ళు గుండ్రటివాటిని పక్కకి తోసేస్తున్నాయి. మొహం గోడవైపు కాకుండా పక్కకి తిరిగింది, అచ్చం బస్సులో వెనకసీటు వాళ్ళని కేకేసేటప్పుడు తిరిగినట్టు. చెయ్యి పైకొచ్చింది. ఆవిడ అరచేతిలో రెండు బిళ్ళలు పడ్డాయి.

ఒకటి ఆకు. ఒకటి చేప.

ఉదయ్‌కుమార్ ఫోను కట్టేసేడు.

“నాకో అనకాపల్లి కొట్టండి,” అని గేటు దగ్గర్నించి ఎవరిదో కొత్త గొంతు వినబడింది.

ప్రేమ్‌కుమార్. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఏమో, చేతిలో సంచి, నుదుటి మీద చెమట. నూకరత్నానికి సిగ్గేసి కొంగు సర్దుకుంది.

“అనకాపల్లి ఈ బస్సు ఎల్దు,” అన్నాడు పెదబాబు. పెదవి చివర చిన్న నవ్వు. అది ఉందో లేదో అన్నంతే. “రండి ప్రేమ్‌కుమార్ గారూ, కూకోండి. మీరు సెప్పండి, మా కోడలు కొన్న ఈ ఆకారాల బిళ్ళలకి ఏటైనా ఇలవుందా?”

ప్రేమ్‌కుమార్ చేపని తీసుకుని వెలుగులో పెట్టి చూసేడు. దాచకుండానే చెప్పేడు. “కొనేటప్పుడున్న ధర అమ్మేటప్పుడు రాదండి. వెండిదైతే వెండి రేటొస్తుంది. ఇలాంటివైతే నేను కూడా తీసుకోను. ఎన్ని కొట్టేరో, ఇంకెన్ని కొడతారో వాళ్ళకే తెలియాలి. లాభం చూసుకుని కొనేవాళ్ళకి నేను వద్దనే చెప్తాను.”

“విన్నావా సంధ్యా?” అన్నాడు ఉదయ్‌కుమార్. కానీ ఇందాకటి గట్టితనం లేదు గొంతులో.

“ఆగండి, పూర్తవలేదు,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “మా షాపుకి ఒక టీచరమ్మ వస్తుంది. ఆవిడ ఇవే కొంటుంది. ఎందుకమ్మా అంటే, చూస్తే నవ్వొస్తుందండి అంటుంది. ఆవిడకి నేనెప్పుడూ వద్దని చెప్పలేదు. ముచ్చటకి కొనుక్కుంటే నష్టమేముందండి?”

పెదబాబు తల ఊపలేదు, కాదనలేదు. చెయ్యి మాత్రం మళ్ళీ సంచిలోకి పోయింది. ఒక్కొక్కటీ తడుముతున్నాడు. రెక్కలు, సుక్క… మళ్ళీ అడుగు దాకా దేవేడు.

“గిటారేదే?”

నూకరత్నం కొంగు ముడి విప్పి అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు మెడ మీంచి కిందకి జారి, ఒకచోట ఆగింది.

“ఇక్కడేటిది, సొట్ట?”

“మీ ఇసురే. మజ్జిగ సెంబుకి కొట్టుకున్నాది.”

బొటనవేలు ఆ సొట్టలోకి వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. “అయితే అరగడం మొదలైందన్నమాట,” అన్నాడు ఎవరితోనూ కానట్టు.

అప్పుడు లేచి నిలబడ్డాడు. సంచి పట్టీ తల మీంచి వేసుకుని భుజానికి తగిలించుకున్నాడు.

“ప్రేమ్‌కుమార్ గారూ, పెట్టె ఇప్పుడు ఎత్తకండి. ఇస్తానో ఇవ్వనో వచ్చేక సెప్తాను. ఒరే ఉదయా, ఆటో పిలువు. రావికమతం.”

“రావికమతమా? సత్తిబాబు మావయ్య ఇంటికా?” ఉదయ్‌కుమార్ కంగారు పడ్డాడు. “నాన్నా, ఇచ్చిన చదివింపు వెనక్కి అడుగుతారేటి? నలుగురిలో ఎంత నామోషీ!”

“ఎనక్కి ఎవుడడుగుతాడురా? సిల్లర మార్సమంటాను. రూపాయిచ్చి రూపాయి తీసుకుంతాను. కండక్టరు సిల్లర మార్సమంటే తప్పన్న డ్రైవరు ఇంతదాకా పుట్టలేదు.” గిటారు బిళ్ళని చొక్కా జేబులో వేసుకుని పైనించి తట్టేడు. “దాని మీద ఇదొకటి ఆ సెవులు కుట్టిన మనవరాలు గుంటకి. పుట్టిన కాణ్ణించి ఎవుడి సేతిలోంచీ ఎవుడి సేతిలోకీ ఎళ్ళలేదిది. ఇవాళ ఎల్తాది. అప్పుడు బిళ్ళవుతాదో అవదో నానూ సూస్తాను.”

సంధ్యారాణి కళ్ళు తుడుచుకుంది.

“సంధ్యా! నువ్వు రాయే నాతో. ఆళ్ళింటి సిల్లర కుప్పలో సింహాల రూపాయేదో సూడ్డానికి నీ కళ్ళు కావాల నాకు. దానికి మూలల్లేవు కదా.”

“వస్తన్నాను మావయ్యా,” అంది ఆ పిల్ల, జాకెట్టు సూది కిందే వదిలేసి.

నూకరత్నానికి ఒక మాట నోటిదాకా వచ్చింది. చదివింపుల కవర్లు ఏ ఇంట్లోనైనా ఆ పూటే విప్పుతారు. వంటవాళ్ళకీ, షామియానా వాళ్ళకీ ఆ చేత్తోనే ఇచ్చేస్తారు. నెల దాటిన రూపాయి ఇప్పుడు ఏ బస్సులో ఉందో, ఏ కొట్లో ఉందో! ఆ మాట మింగేసింది. ఆయన మెట్టు దిగుతున్నాడు. కుడిచెయ్యి కోడలి భుజం మీద, ఎడంచెయ్యి సంచి మూత మీద. ఎండలోకి వెళ్ళగానే మొహం పైకెత్తేడు.

ఆటో వచ్చింది. ఎక్కేక, అలవాటు ప్రకారం పక్కరేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేడు.

“రైట్!”

ఆటోవాడు నవ్వి గేరు వేసేడు.

వసారాలో ప్రేమ్‌కుమార్ తాడు కట్టిన పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. “దొరుకుతుందంటారా అమ్మా?” అని అడిగేడు మెల్లిగా.

నూకరత్నం మడతకుర్చీ రెండు చేతులా ఎత్తి, గోడ దగ్గర్నించి తెచ్చి, వీధివైపు తిప్పి వేసింది.

“కూకోండి బాబూ,” అంది. “మజ్జిగ తెస్తాను. సెంబు సొట్టది, ఏటీ అనుకోకండి.”

వీధి చివర చెరుకు ట్రాక్టరు అడ్డమొచ్చి ఆటో అక్కడే ఆగి ఉంది. ఆ వెనక కిటికీలోంచి పాత తోలుసంచి మూల ఒకటి కనబడుతూనే ఉంది.